రిమోట్ సపోర్ట్ కోసం ఫైర్‌వాల్‌లో పోర్ట్ తెరవాలా?

"సర్వర్‌కి సపోర్ట్ ఇచ్చే కంపెనీ 3389 పోర్ట్ బయటికి తెరవమంటోంది, తెరవొచ్చా?" అని అడిగారు. వద్దండి. అది విండోస్ రిమోట్ డెస్క్‌టాప్ పోర్ట్. ఇంటర్నెట్‌కి తెరిచి పెడితే పాస్‌వర్డ్‌లు ఊహించే బాట్‌లు రాత్రింబవళ్లు దాని మీదే పడతాయి. 2019లో ఇదే రిమోట్ డెస్క్‌టాప్‌లో బయటపడ్డ బ్లూకీప్ అనే లోపంతో చొరబడటానికైతే పాస్‌వర్డ్ కూడా అక్కర్లేదు. అప్పటికే సపోర్ట్ ఆపేసిన విండోస్ ఎక్స్‌పీకి సైతం మైక్రోసాఫ్ట్ ప్యాచ్ ఇవ్వాల్సి వచ్చింది.

బయటి నుంచి లోపలికి దారి లేకుండానే పని జరుగుతుంది. మీ సర్వర్‌లో పెట్టే ఏజెంట్ అనే చిన్న ప్రోగ్రామ్ తానే 443 పోర్ట్ మీద, టీఎల్ఎస్‌తో (డేటాని ఎన్‌క్రిప్ట్ చేసే పద్ధతి), సపోర్ట్ కంపెనీ గేట్‌వేకి, అంటే వాళ్ల వైపు కనెక్షన్లు అందుకునే సర్వర్‌కి, కనెక్ట్ అవుతుంది. మొదలుపెట్టింది లోపలి నుంచే కాబట్టి జవాబులను ఫైర్‌వాల్ రానిస్తుంది, ఇంజనీర్ ఆ సెషన్‌లోనే పని చేస్తారు. ఆ గేట్‌వే అడ్రస్‌కి మాత్రమే అనుమతి ఇవ్వండి. మీ ప్రాక్సీ (ఆఫీసు ఇంటర్నెట్ ట్రాఫిక్‌కి మధ్యలో ఉండే సర్వర్) టీఎల్ఎస్‌ని విప్పి చూసే రకమైతే, సర్టిఫికెట్ తేడాగా ఉందని ఏజెంట్ కనెక్షన్ తెంపేయొచ్చు. చాలామంది ఇక్కడే గంటలు పోగొట్టుకుంటారు. ఆ ఒక్క అడ్రస్‌ని తనిఖీ నుంచి మినహాయించండి.

సపోర్ట్ కంపెనీకి వీపీఎన్ (బయటి నుంచి మీ నెట్‌వర్క్‌లోకి ఎన్‌క్రిప్ట్ అయిన దారి) ఇవ్వక తప్పకపోతే మొత్తం నెట్‌వర్క్‌కి కాదు, ఆ ఒక్క సర్వర్ వరకే. ఆ కంపెనీ వాళ్లందరికీ ఒకే లాగిన్ అసలొద్దు: మనిషికో అకౌంట్, ఓటీపీ ఉండాలి, పని అయ్యాక డిజేబుల్ చెయ్యాలి.