రీ: పజిల్స్ వస్తున్నాయి, మిడిల్‌గేమ్ మాత్రం పోతోంది

చెస్ పజిల్స్ బానే చేస్తున్నా, గేమ్‌లో 15వ మూవ్ దాటాక, అంటే మిడిల్‌గేమ్‌లో (ఆట మధ్యభాగంలో), ఏం ఆడాలో తోచట్లేదు అన్నారు కదా, నాకూ చాన్నాళ్ళు ఇదే బాధండి. పజిల్‌లో ఏదో ఉందని ముందే తెలుసు, గేమ్‌లో ఎవరూ చెప్పరు, తేడా అంతా అక్కడే. అందుకే ప్రతి మూవ్‌కీ ముందు చెక్‌లు, తర్వాత కొట్టేవి, ఆ తర్వాత బెదిరింపులు చూడండి, మనవే కాదు అవతలివాళ్ళవి కూడా.

ఉదాహరణకి మనం తెల్లపావులతో ఆడుతూ, నల్లరాజు పక్కనున్న హెచ్7 గడిలో బంటుని కొట్టి అక్కడే బిషప్‌ని ఇచ్చేసి, దాన్ని రాజు కొట్టగానే నైట్ జి5 చెక్, రాజు జి8, క్వీన్ హెచ్5, ఇంతవరకు అందరం చూస్తాం. కానీ రాజు వెనక్కి పోకుండా జి6కి వస్తే? పోనీ జి8కే వెళ్ళాడనుకోండి, నల్ల నైట్ ఎఫ్6కి రాగలిగితే హెచ్7లో మన క్వీన్ ఇవ్వబోయే మేట్ ఆగిపోయింది, పైగా మన క్వీన్ మీదకొచ్చింది. ఇ5లో మన బంటు ఉంటే ఆ గడి వాడికి అంత ఈజీగా దొరకదు, అందుకే ఆ బంటు అంత ముఖ్యం.

రోజుకి 2 పొజిషన్లు చాలు, ఒక్కోదానికి 10 నిమిషాలు, పావులు కదపకుండా లైన్లన్నీ (ఎవరేం ఆడొచ్చో ఆ మూవ్‌ల వరుసలు) పేపర్ మీద రాసి అప్పుడే ఇంజిన్ (చెస్ లెక్కలు చూసే ప్రోగ్రామ్) పెట్టండి. కొట్టుకునేదేం లేని పొజిషన్‌లో మీ పావుల్లో ఏది ఖాళీగా కూర్చుందో చూసి దాన్ని కదపండి, నాకు ఇదే బాగా పనికొచ్చింది.