సిందూరపు పూత మీద గ్యాస్ మంట పెట్టేముందు

ప్రశ్న: విజయనగరం దగ్గర మూతబడిన ఒక పాత మిల్లు షెడ్డును విప్పి, ఇనుమును కోసి లారీకెత్తే పని పట్టాను. గర్డర్ల మీద వెండి రంగు, దాని కింద నారింజ ఛాయలో ఎర్రటి పూత ఉన్నాయి. గ్యాస్ కటింగ్ చేసే కుర్రాళ్లు ముఖానికి తడి తువాలు చుట్టుకుంటున్నారు. సాయంత్రం అందరికీ బెల్లం, పాలు ఇస్తున్నాను. అయినా మూడు వారాలుగా పనిచేస్తున్న ఒక కుర్రాడికి నోట్లో ఇనుప రుచి, కడుపులో మెలిపెట్టే నొప్పి, మలబద్ధకం మొదలయ్యాయి. ఆ రంగు వల్లేనా?
— ఒక మేస్త్రీ, విజయనగరం జిల్లా

జవాబు: ముందు ఆ కుర్రాణ్ణి కటింగు పని నుంచి తప్పించి, ఈ రోజే డాక్టరు దగ్గరికి పంపండి. మీరు రాసిన మూడు లక్షణాలూ సీసం ఒంట్లో చేరినప్పుడు కనిపించేవే. అయితే పాత రంగు ఉన్న ఇనుమును కోస్తున్నాడని చెప్పకపోతే, డాక్టరు దాన్ని గ్యాస్ నొప్పిగానో అల్సర్‌గానో భావించే అవకాశం ఉంది. చేతి నరం నుంచి తీసిన రక్తంలో సీసం ఎంత ఉందో చూస్తే విషయం తేలుతుంది. మిగిలిన వారికీ ఆ పరీక్ష చేయించండి, ఎందుకంటే సీసం చాలాకాలం ఏ బాధా చూపకుండానే ఎముకల్లో పేరుకుపోతుంది.

నారింజ ఛాయ ఎర్ర పూత ఎర్ర సీసం, అంటే సిందూరం కావచ్చు. తుప్పు పట్టకుండా ఇనుముకు మొదటి కోటుగా దాన్ని ఎన్నో ఏళ్లు వాడారు. ఆ పొడిలో బరువుకు 90 శాతం సీసమే. ఇటుక రంగులో ఉండే రెడ్ ఆక్సైడ్ వేరు, కానీ కంటితో చూసి తేల్చడం ప్రమాదం. లోహం కనబడేదాకా అన్ని పొరలూ గీకి ఆ పెచ్చును ల్యాబుకు పంపండి. ఫలితం వచ్చేదాకా సీసం ఉన్నట్లే లెక్క. ఇళ్లకు వేసే రంగుల్లో సీసం పది లక్షల భాగాలకు 90 భాగాలు మించకూడదని 2016లో నిబంధనలు వచ్చాయి గానీ, మీ గర్డర్లకు ఆ ధీమా లేదు.

సీసం 327 డిగ్రీల సెల్సియస్ దగ్గర కరుగుతుంది; గ్యాస్ మంట వేడి మూడు వేల డిగ్రీల దాకా ఉంటుంది. అందుకే మంట తగిలిన చోట పూతలోని సీసం పొగై, తువాలు పోగుల మధ్య నుంచి సులువుగా దూరిపోయేంత సన్నని రేణువులుగా మారుతుంది. ఆరుబయట పని కదా అన్న ధైర్యం కూడా చాలదు, కోసేవాడి ముక్కు మంటకు మూరెడు దూరంలోనే ఉంటుంది. బోల్టులున్న చోట విప్పేయండి. కోయక తప్పని చోట, కోత గీతకు ఇరువైపులా కనీసం 10 సెంటీమీటర్ల మేర పూతను నీళ్లు చిలకరిస్తూ చేతి గీకుడుతో లోహం దాకా తీసి, ఆ తర్వాతే మంట పెట్టండి. గ్రైండరు జోలికి మాత్రం పోవద్దు. పొడి పూత మీద అది తిరిగితే పొగ బదులు దుమ్ము మింగుతారు. కింద టార్పాలిన్ పరచి, రాలిన పెచ్చులను తడిగానే మందపాటి సంచుల్లో కట్టండి. చెరువు గట్టున పోయకండి.

సన్నని రేణువులను కూడా ఆపే, గులాబీ రంగు పి100 రకం ఫిల్టర్లున్న రబ్బరు మాస్కు కొనండి. ఫిల్టర్లను అరచేతులతో మూసి ఊపిరి పీలిస్తే మాస్కు ముఖానికి అతుక్కోవాలి. గడ్డం ఉంటే అంచుల నుంచి గాలి దూరుతుంది. చేతులూ ముఖమూ సబ్బుతో కడిగే దాకా బీడీ గానీ టీ గానీ ముట్టనివ్వకండి.

బెల్లం, పాలు తిండిగా మంచివే. ఒంట్లో ఇనుము, కాల్షియం తక్కువైతే సీసం మరింతగా పడుతుంది. కానీ పీల్చిన సీసాన్ని అవి కడిగెయ్యవు.

ప్రశ్న: మా ఆయన కూడా ఇలాంటి కటింగు పనే చేస్తారు. ఆయన బట్టలు పిల్లల బట్టలతో కలిపి ఉతకవచ్చా?
— ఒక గృహిణి, ఆమదాలవలస

జవాబు: వద్దమ్మా. ఆయన పని బట్టలూ చెప్పులూ పని దగ్గరే మార్చుకొని, స్నానం చేసి ఇంటికి రావాలి. బట్టలు తేక తప్పకపోతే సంచిలోంచి దులపకుండా నేరుగా నీళ్లలో వేసి, విడిగా ఉతకండి. బండి సీటును, పెట్రోలు ట్యాంకును తడిగుడ్డతో తుడవండి, పసివాళ్లను ముందు కూర్చోబెట్టుకొనేది అక్కడే కదా. ఆరేళ్లలోపు పిల్లలకు రక్తపరీక్ష కూడా చేయించండి.