ఫోర్‌మన్ పండగ అనలేదు

అమ్మాయీ,

నీ కథ చదివాను. జర్మనీలో, స్టుట్‌గార్ట్ ఫ్యాక్టరీలో మన కుర్రాడి ఒంటరితనం బాగా పట్టావు. బాగుంది కాబట్టే ఈ చీవాట్లు. సైరన్ మోగింది, ఫోర్‌మన్ చేతులు తుడుచుకుంటూ "ఫైయరాబెంట్!" అన్నాడు. అక్కడ నువ్వు కథ ఆపేసి, "అంటే పండగ సాయంత్రం" అని పాఠం అందుకున్నావు. మాటను విరిచి చూస్తే అర్థం అదే, కాదనను. కానీ ఆయన పండగ మాటే ఎత్తలేదు. ఇవాళ్టికి పని అయింది, ఇళ్ళకు పదండి అన్నాడు. మనవాళ్ళు డ్యూటీ దిగడం అంటారే, ఆ వేళ.

పాత జర్మన్‌లో అది నిజంగానే పండగకి ముందురోజు సాయంత్రం. పోనుపోను ఏ రోజుకారోజు పని ముగిసే వేళకి స్థిరపడింది. "ఫైయర్న్" అనే క్రియకి పని మానుకోవడం అనే అర్థం కూడా ఉండేది. 1958లో బొగ్గు సంక్షోభం మొదలయ్యాక అక్కడి రూర్ ప్రాంతపు బొగ్గుగనుల్లో "ఫైయర్‌షిష్ట్" అంటే సంబరం కాదు, బొగ్గు అమ్ముడుపోక కార్మికుల్ని ఇంటి దగ్గర కూర్చోబెట్టిన షిఫ్టు. ఇదంతా నీకు తెలిసుంటే చాలు, కథకెక్కించకు.

కథకెక్కించాల్సింది వాడుక. లిఫ్టు దగ్గర విడిపోతూ "షోనెన్ ఫైయరాబెంట్" అనుకుంటారు. అల్లరి శ్రుతిమించిన పిల్లల మీద తల్లి "యెట్స్ట్ ఇస్ట్ ఆబర్ ఫైయరాబెంట్!" అని అరిచిందంటే, ఇక చాలించండి అని. ఒకటే మాట, ఒకచోట దీవెన, ఇంకోచోట గద్దింపు. ఎవరు, ఎవరితో, ఏ గొంతుతో అన్నారో రాస్తే చదివేవాడికి అర్థం దానంతటదే తెలుస్తుంది.

నీ కుర్రాడు రాత్రి సహోద్యోగికి ఫోన్ చేస్తాడు, అతను ఎత్తడు, వీడు నొచ్చుకుంటాడు. నీ కథకి ఆయువుపట్టు అదే, నువ్వేమో రెండు వాక్యాల్లో దాటేశావు! అక్కడ 1994 నాటి పనివేళల చట్టం ప్రకారం, మామూలుగా ఒకరోజు పనికీ మర్నాటి పనికీ మధ్య 11 గంటల విరామం ఇచ్చి తీరాలి. చట్టం సంగతి నువ్వు చెప్పొద్దు. మర్నాడు ఆ సహోద్యోగి ఏమీ జరగనట్టు నవ్వుతూ పలకరించనీ. హైదరాబాద్‌లో రాత్రి పదకొండుకి కూడా మేనేజరు ఫోనెత్తి అలవాటైనవాడికి ఆ నవ్వు ఎలా తగులుతుందో, దాని మీద ఓ పేజీ ఖర్చుపెట్టు.

ఇంటి యజమానురాలు లైప్‌జిగ్ నుంచి వచ్చిందన్నావు. అయితే నీకు తెలియని మాటొకటి ఆవిడ దగ్గర ఉండాలి. తూర్పు జర్మనీలో వృద్ధాశ్రమాన్ని "ఫైయరాబెంట్‌హైమ్" అనేవారు. వాళ్ళమ్మ అక్కడే పోయిందని ఆవిడ చేత మామూలుగా, కాఫీ పోస్తూ అనిపించు. మనవాడికి ముందు ఫ్యాక్టరీ సైరనే గుర్తొస్తుంది, కాస్త ఆగాక గానీ సంగతి బోధపడదు. అంతకుమించి అక్కడ ఒక్క ముక్క రాసినా కొట్టేస్తాను.

చివర చేర్చిన అర్థాల పట్టిక తీసెయ్. తిరగరాసి పంపు. ఈసారి పేజీకి పక్కన మార్జిను వదులు, నాకు రాసుకోడానికి చోటు లేదు.

ఆశీస్సులతో,
మీ మాస్టారు