వానలో తడిసిన బండి స్టార్ట్ కాకపోతే ముందు ఏం చూడాలి?

రాత్రంతా వానలో తడిసిన బైకు పొద్దున సెల్ఫ్ కొడితే తిరుగుతోంది కానీ అందుకోవట్లేదు, కారణం ఏమై ఉంటుందని అడిగారు. ప్లగ్ క్యాపు, అంటే ఇంజిన్‌లో నిప్పురవ్వ వేసే స్పార్క్ ప్లగ్గు మీద తొడిగే టోపీ. మీ బండి ఏ మోడలో రాయలేదు, అయినా నా సమాధానం ఇదే. పదిలో తొమ్మిదిసార్లు అదే. ఈ లెక్క ఎక్కడిదంటే నా బండి, మా తమ్ముడి బండి, ఆఫీసు పార్కింగులో నేను వేలు పెట్టిన పక్కవాళ్ళ బళ్ళు, అంతే.

నాకు ఈ జ్ఞానం మలక్‌పేట రైలు వంతెన దగ్గర కలిగింది. వాన పడితే అక్కడ నీళ్ళు ఎలా నిలుస్తాయో హైదరాబాదు వాళ్ళకు చెప్పక్కర్లేదు. దిల్‌సుఖ్‌నగర్ వైపు ఇంటికి వెళ్తున్నాను. నాన్నగారు పదేళ్ళు వాడి నాకిచ్చిన బండి, పెట్రోలునీ గాలినీ కలిపే కార్బరేటర్ ఉన్న పాతరకం. పక్కనుంచి బస్సు దూసుకెళ్తే ఆ నీళ్ళన్నీ వచ్చి ఇంజిన్ మీద పడ్డాయి. రెండుసార్లు దగ్గి ఆగిపోయింది. మోకాళ్ళ లోతు నీళ్ళలో తోసుకుంటూ అవతలికి వచ్చి, ఒక చాయ్ హోటలు ముందు నిలబెట్టి కిక్కు కొట్టడం మొదలుపెట్టాను. పెట్రోలు పాలు పెంచే చోక్ లాగి కొట్టాను, తీసి కొట్టాను, బండిని ఒక పక్కకి వంచి లేపి మళ్ళీ కొట్టాను. ఎందుకు వంచాలో ఎవరూ చెప్పరు. అందరూ వంచుతారు కాబట్టి నేనూ వంచాను.

"ఏంది తమ్మీ, తన్ని తన్ని సంపుతవా దాన్ని?"

వాన తగ్గేదాకా ఆటో ఆపుకుని చాయ్ తాగుతున్న పెద్దాయన. నా సమాధానం కోసం చూడకుండానే వచ్చి కూర్చుని ప్లగ్ క్యాపు పీకాడు. నా అరచేయి పట్టమని అందులో బోర్లించాడు. చెంచాడు నీళ్ళు. లోపల ఇత్తడి ముక్క మీద పచ్చటి చిలుము, అంచున రబ్బరు నాలుగు చోట్ల పగిలి ఉంది. తన ఖాకీ చొక్కా లోపలి అంచు ఒక్కటే పొడిగా ఉన్నట్టుంది, దాంతో తుడిచి, రెండుసార్లు ఊదాడు. ఆటోలోంచి ప్లగ్ పానా తెచ్చి ప్లగ్గు విప్పితే కొన మీంచి పెట్రోలు కారుతోంది. "గింత చోక్ లాగితే తడువదా మరి?" అని నన్ను తిట్టి, దాన్ని పట్టకారుతో చాయ్ పొయ్యి మీద పెట్టాడు. భుగ్గుమంది. హోటలాయన అరిచాడు. ఈయన పట్టించుకోలేదు.

తర్వాత ప్లగ్గుని క్యాపులో దూర్చి, ఇంజిన్ రెక్కలకు ఆనించి పట్టుకోమని నా చేతికిచ్చి, తను కిక్కు కొట్టాడు. ఎక్కడ పట్టుకోవాలో చెప్పలేదు. మోచేయి దాకా జిల్లుమని ఎగిరి పడ్డాను. "కరెంట్ మంచిగనే వస్తుంది" అన్నాడు.

ప్లగ్గు బిగించాక మూడో కిక్కుకి అందుకుంది. డబ్బులిస్తే తీసుకోలేదు, ఇంకో చాయ్ తాగాడు. "గా క్యాపు మార్పియ్యి" అన్నాడు. నేను మార్పించలేదు. నెల తిరక్కుండా అదే వంతెన దగ్గర మళ్ళీ ఆగింది. ఈసారి ఒక పెద్ద షాపుకి తోలించుకెళ్తే ప్లగ్గుకి కరెంటు పంపే కాయిల్ పోయింది, ఆ కరెంటుని సమయానికి వదిలే సీడీఐ డబ్బా కూడా మార్చాలి, 1,800 అవుతుందన్నారు. బండి వెనక్కి తెచ్చుకుని క్యాపు నేనే మార్చాను. 70 రూపాయలు. ఆ కాయిలే ఇంకా నడుస్తోంది. వానాకాలంలో ఈ షాపుల వాళ్ళు విప్పి చూడటం మానేసి, మార్చడం ఒక్కటే నేర్చుకున్నారు.

ప్లగ్గు దాకా వెళ్ళే కరెంటు వేల వోల్టులు. దానికి దగ్గర దారి కావాలి, అంతే. క్యాపులో తడి, మట్టి ఉంటే ప్లగ్గు కొన దాకా పోవడం ఎందుకని పక్కనుంచే ఇంజిన్ బాడీలోకి దిగిపోతుంది. మీరు సెల్ఫ్ కొట్టేకొద్దీ పెట్రోలు లోపలికి చేరి ప్లగ్గు ఇంకా తడుస్తుంది, బ్యాటరీ దిగుతుంది. కొత్త బళ్ళలో చాలావాటికి కిక్కు రాడ్డే తీసేశారు. ఆ తీసేసినవాడెవడో ఒక్కసారి జులైలో బండి తోసుకుంటూ ఫ్లైఓవర్ ఎక్కితే బాగుండు.

క్యాపు విప్పే ముందు హ్యాండిల్ మీద ఇంజిన్ ఆపే కిల్ స్విచ్, సైడ్ స్టాండు చూసుకోండి. నవ్వకండి. 2020లో బీఎస్6 పొగ నిబంధనలు వచ్చాక సైడ్ స్టాండు వేసి ఉంటే స్టార్ట్ కాని బళ్ళు ఎన్నో. పెట్రోలు మూత కూడా తెరవండి. మూత చుట్టూ నీళ్ళు పోవడానికి ఒక సన్న కంత ఉంటుంది, మట్టితో పూడుకుపోతే వాన నీళ్ళు ట్యాంకులోకే దిగుతాయి. ఇప్పుడు పెట్రోల్లో 20 శాతం ఇథనాల్ కలుపుతున్నారు, అది నీటిని పట్టుకుంటుంది. నీళ్ళు ఎక్కువైతే రెండూ కలిసి అడుక్కి చేరతాయి, ఇంజిన్‌కి పోయేదీ అడుగునుంచే. కార్బరేటర్ బండైతే దాని అడుగున పెట్రోలు నిలిచే గిన్నె కింది స్క్రూ వదులు చేసి కాస్త గాజు సీసాలోకి పట్టండి, కింద వేరే పొర తేలిందా లేదా కనిపిస్తుంది.

మీ బండి తడిసింది కానీ మునగలేదు కాబట్టి ఇంత ధైర్యంగా చెబుతున్నాను. 2024 సెప్టెంబరులో విజయవాడలో బుడమేరు వాగు పొంగినప్పుడు మా బావమరిది బండి సింగ్ నగర్‌లో రోజుల తరబడి నీళ్ళలోనే ఉంది. నీళ్ళు తీయగానే వాడు ఆత్రంగా సెల్ఫ్ నొక్కాడు. సిలిండర్‌లో నీళ్ళు, నీళ్ళేమో గాలిలా నొక్కుకోవు, పిస్టన్‌కి తగిలించిన కనెక్టింగ్ రాడ్డు వంగింది. ఇంజిన్ ఆయిల్ చూస్తే పాలెక్కువైన టీలా ఉంది. ఆ రంగు కనిపిస్తే తాళం చెవి కూడా పెట్టకండి.

మీరైతే తాళం తీసేసి క్యాపు పీకండి, తుడవండి, ఓ అరగంట ఎండలో పెట్టి మళ్ళీ బిగించండి. ప్లగ్గు మాత్రం పొయ్యి మీద పెట్టకండి, ఆయనకి చెల్లింది. క్యాపులో తడే లేదంటారా, ఆ పదోవాళ్ళు మీరేనన్నమాట.