మిక్సింగ్ కుదరట్లేదని డిగ్రీ మానేయాలా?

ప్రశ్న: మాది వరంగల్. బీకాం రెండో ఏడాది చదువుతున్నాను. స్నేహితులతో కలిసి మెటల్ పాటలు రికార్డు చేసి నేనే మిక్స్ చేస్తుంటాను (అంటే వాయిద్యాలన్నిటినీ సమతూకంలో కలుపుతాను). ఎంత కుస్తీ పట్టినా గిటార్లు హెడ్‌ఫోన్స్‌లో గంభీరంగా, ఫోన్‌లో కందిరీగల రొదలా వస్తున్నాయి. నాకు చెవి లేదేమో! డిగ్రీ ఆపేసి సౌండ్ ఇంజినీరింగ్‌లో చేరనా?

జవాబు: డిగ్రీ మాత్రం ఆపొద్దు. ప్రభుత్వ సినిమా శిక్షణ సంస్థలైన పుణెలోని ఎఫ్‌టీఐఐలో, కోల్‌కతాలోని ఎస్‌ఆర్‌ఎఫ్‌టీఐలో మూడేళ్ల సౌండ్ కోర్సుకు డిగ్రీ ఉండాల్సిందే. చెవి సంగతంటారా, ఆ తేడా పట్టిందంటే మీ చెవి బాగానే ఉంది. తప్పు చాలావరకు మిక్సింగ్‌కు ముందే జరుగుతోంది.

ఫోన్ స్పీకర్ సుమారు 200 హెర్ట్జ్ కింద దాదాపు ఏమీ పలికించలేదు. గదిలో ఒక్కరే వాయించుకునేటప్పుడు గొప్పగా అనిపించే టోన్‌లో బాస్ (కింది స్వరాలు), గెయిన్ (గరగరను పెంచే నాబ్) ఎక్కువ, మిడ్స్ (మధ్య స్వరాలు) తక్కువ. ఫోన్‌లో ఆ బాస్ పోగానే మిగిలేది రొదే. అందుకే ఆంప్‌లో గెయిన్‌ను మీకు నచ్చినదానికంటే మూడో వంతు తగ్గించి, మిడ్స్ పెంచి రికార్డు చేయండి. కుడి ఎడమలకు ఒకే టేక్‌ను (ఒకసారి వాయించి రికార్డు చేసినదాన్ని) కాపీ చేస్తే వెడల్పు రాదు, మధ్యలోనే వినిపిస్తుంది. అదే రిఫ్‌ను (మళ్లీ మళ్లీ వచ్చే గిటార్ వరసను) రెండోసారి వాయించాలి. ప్రతి టేక్‌కు ముందు ట్యూనింగ్ చూసుకోవాలి.

ఇక మిక్స్‌లో గిటార్లకు 80 హెర్ట్జ్ దగ్గర హై పాస్ (దాని కింది శబ్దాన్ని కోసే ఫిల్టర్), 9-10 కిలోహెర్ట్జ్ దగ్గర లో పాస్ (దాని పైదాన్ని కోసేది) పెట్టి మొదలుపెట్టండి. 3-6 కిలోహెర్ట్జ్ మధ్య గీపెట్టే చోటు వెతికి, సన్నటి బ్యాండ్‌తో 3-4 డెసిబెల్స్ కోయండి. పామ్ మ్యూట్ (అరచేతి అంచుతో తీగలను అదిమి వాయించడం) కొట్టినప్పుడల్లా 100-250 హెర్ట్జ్ దగ్గర ఉబ్బు వస్తుంది. దాన్ని మామూలు ఈక్యూతో (స్వర స్థాయిలను ఎప్పుడూ ఒకేలా పెంచే, తగ్గించే సాధనంతో) కోస్తే, అదమకుండా మోగనిచ్చే కార్డ్స్ పలచబడతాయి. ఆ 100-250 హెర్ట్జ్ భాగానికే మల్టీబ్యాండ్ కంప్రెసర్ పెడితే ఉబ్బినప్పుడే నొక్కుతుంది. ఇవన్నీ బాస్, డ్రమ్స్ మోగుతుండగానే చేయాలి. గిటార్ ట్రాక్ ఒక్కదాన్నే విన్నప్పుడు కాస్త పలచగా వినిపిస్తే కంగారు పడకండి, బరువు మోసేది బాస్ గిటార్. అది ఫోన్‌లోనూ వినపడాలంటే రెండో ట్రాక్‌గా కాపీ చేసి, కింది భాగం కోసేసి, కొంచెం డిస్టార్షన్ కలపండి.

నచ్చిన బ్యాండ్ పాటతో పోల్చేటప్పుడు చాలామంది నిరాశపడేది ఇక్కడే: అది మాస్టరింగ్ (విడుదలకు ముందు చేసే తుది మెరుగు) అయిన పాట, శబ్దం పెద్దది. రెండూ ఒకే స్థాయిలో వినిపించేదాకా దాన్ని తగ్గించి, అప్పుడు పోల్చండి.

కేంబ్రిడ్జ్ మ్యూజిక్ టెక్నాలజీ సైట్‌లో మెటల్ మల్టీట్రాక్స్ (ఒక్కో వాయిద్యం విడివిడిగా ఉన్న రికార్డింగులు) సాధనకు ఉచితంగా దొరుకుతాయి. వాటితో మిక్స్ బాగా వచ్చి మీ పాటలకు రాకపోతే, సరిచేసుకోవాల్సింది రికార్డింగ్‌ని.

ఉపాధి మాటకొస్తే, ఒక్క మెటల్ మిక్సింగ్‌తో హైదరాబాద్‌లో ఇల్లు గడవడం కష్టం. ఇక్కడ పని దొరికేది సినిమాలు, సీరియళ్ల డబ్బింగ్ రికార్డింగ్, డైలాగ్ ఎడిటింగ్, లైవ్ సౌండ్‌లో. ప్రైవేటు కోర్సుకు ఫీజు కట్టేముందు ఒకటి అడగండి: వారానికి ఎన్ని గంటలు విద్యార్థిని ఒంటరిగా స్టూడియోలో పని చేసుకోనిస్తారు? అంకె చెప్పకుండా కొత్త కన్సోల్ (మిక్సింగ్ బల్ల) చూపిస్తే డబ్బు కట్టకండి.