అమరుల దినాన ఆ సభ ఎవరిది?

మీ అపార్టుమెంటు సంఘం తరఫున జులై 26న కార్గిల్ విజయ దివసం జరపాలనుకుంటున్నామనీ, దానిని పండుగలా జరపాలా, సంతాప సభలా జరపాలా అన్న దగ్గర మీలో మీకే మాట కుదరడం లేదనీ, అమరులైన సైనికులను గౌరవించే సరైన పద్ధతి ఏమిటో చెప్పమనీ అడిగారు. నేను సైన్యంలో సిగ్నల్స్ విభాగంలో పనిచేసి హవల్దారుగా పదవీ విరమణ చేసినవాడిని. కార్గిల్‌లో పోరాడలేదు; ఆ యుద్ధం జరిగిన 1999 వేసవిలో మా యూనిట్ పంజాబ్‌లో ఉంది. అయినా మా శ్రీకాకుళం జిల్లాలో జులై నెల వచ్చేసరికి మాజీ సైనికుడన్న ప్రతివాడూ కార్గిల్ వీరుడైపోతాడు కనుక, ఈ సభలకు నన్ను పిలవడమూ, కాదనలేక నేను వెళ్లడమూ చాలాకాలంగా జరుగుతున్నాయి. ఆ అనుభవంతో చెబుతున్నాను: మీరు ముందుగా తేల్చుకోవలసింది ఆ సభ ఎవరిదన్న సంగతి. అది తేలితే పాటలు ఉండాలా, మౌనం ఉండాలా అన్నవి వాటంతట అవే సర్దుకుంటాయి.

కొన్నేళ్ల క్రితం మా ప్రాంతంలో ఒక ప్రైవేటు డిగ్రీ కళాశాలవారు ఈ దినాన్ని ఘనంగా జరిపారు. గేటు దగ్గరినుంచి వేదిక వరకు ఫ్లెక్సీలు కట్టారు. వాటిమీద తుపాకులు పట్టుకుని కొండ ఎక్కుతున్న సైనికుల బొమ్మ ఉంది. ఆ హెల్మెట్లనూ ఆ తుపాకులనూ చూడగానే అది మన సైన్యం కాదని, ఇంటర్నెట్‌లో దొరికిన ఏదో విదేశీ సైన్యం ఫొటో అని నాకు అర్థమైంది. ఆ మాట చెబితే నిర్వాహకుడు నవ్వి, "దూరంనుంచి చూస్తే తెలీదు లెండి సార్" అన్నాడు. ఫ్లెక్సీ ఎంత పెద్దదైతే దాని మీద తప్పు అంత ఖాయమని నేను చాలాకాలంగా నమ్ముతున్నాను. ఇంతవరకు నా నమ్మకం వమ్ము కాలేదు.

ఆ సభకు మా మండలంలోనే ఒక పల్లెనుంచి ఒక తల్లిని పిలిపించారు. ఆమె కొడుకు సియాచిన్‌లో డ్యూటీలో ఉండగా, ఆ ఎత్తులో ఊపిరితిత్తుల్లో నీరు చేరి చనిపోయాడు. ఉదయం పది గంటలకు సభ అన్నారు కనుక ఆమె తొమ్మిదింటికే వచ్చి, ముందు వరుసలో వేసిన సోఫా అంచున, దానిమీద కూర్చోవడానికి తనకు అర్హత ఉందో లేదో అన్నట్టుగా కూర్చుంది. ముఖ్య అతిథి ఒంటిగంటకు వచ్చాడు. ఆ నాలుగు గంటలలో ఆమెకు మంచినీళ్ల సీసా ఇచ్చినవారు ఉన్నారు, ఆమె పక్కన నిలబడి సెల్ఫీ తీసుకున్నవారు ఉన్నారు, ఆమె కొడుకు ఎలాంటివాడని అడిగినవారు మాత్రం ఒక్కరూ లేరు. యాంకరుగా ఉన్న అమ్మాయి అతడి పేరును రెండు సార్లు చదివింది. సైన్యం రికార్డులలో ఇంటిపేరు చివర పడుతుందని తెలియక రెండు సార్లూ ఇంటిపేరుతోనే పిలిచింది. ఆ అమ్మాయిని నేను తప్పు పట్టను. ఆమె చేతికి కాగితం ఇచ్చిన పెద్దవాళ్లు ఒకసారి ఆ తల్లిని అడిగి ఉంటే సరిపోయేది.

తరువాత నృత్యం మొదలైంది. పెద్ద శబ్దంతో దేశభక్తి పాట పెట్టారు, పిల్లలు చెక్క తుపాకులతో వేదికంతా పరుగెత్తారు. చివర్లో ఒక కుర్రవాడు గుండెమీద చెయ్యి పెట్టుకుని వెనక్కి పడిపోయాడు; ముందే చొక్కా లోపల దాచుకున్న ఎర్ర రంగు పొట్లం పగిలి చొక్కా అంతా పాకింది. హాలు చప్పట్లతో మారుమోగింది. పడిపోయిన కుర్రవాడు కూడా చప్పట్లు వింటూ నవ్వు ఆపుకోలేకపోయాడు. ఆమె లేచి, ఎవరికీ అడ్డం రాకుండా గోడ పక్కనుంచి నడిచి బయటికి వెళ్లిపోయింది. నేను వెనకే వెళ్లాను. వరండాలో నీళ్ల డ్రమ్ము పక్కన నిలబడి ఉంది.

"ఆ గుంటడి సొక్కామీద అంత నెత్తురేటి బాబూ?" అని అడిగింది. "మావోడికి ఒంటిమీద గీత కూడా లేదు. సలిలో పోనాడు."

నాకు వెంటనే మాట తోచలేదు. లోపలికి రమ్మని పిలవడానికి మనసు ఒప్పక, అక్కడే మెట్ల మీద ఆమెతో పాటు కూర్చున్నాను. మీవాడు ఏ ఏడాది భర్తీ అయ్యాడమ్మా అని అడిగాను. అంతే, ఆమె చెప్పడం మొదలుపెట్టింది. ఆర్మీ ర్యాలీలో 1,600 మీటర్ల పరుగుకోసం ఆ కుర్రవాడు తెల్లవారకముందే లేచి చెరువు గట్టు మీద పరుగెత్తేవాడట. ఆమె చోడి (రాగి) అంబలి చెంబు పట్టుకుని గట్టు చివర నిలబడేదట. మొదటి ర్యాలీలో పరుగులో తప్పిపోతే రెండు రోజులు ఇంటికి రాలేదట. రెండోసారి నెగ్గినప్పుడు ఊళ్లో అందరికంటే ముందు, తనకు అప్పు మీద బూట్లు ఇచ్చిన దుకాణదారుకు ఫోన్ చేశాడట. సెలవులో వస్తే చెల్లెలి సైకిలు బాగుచేసేవాడట, కానీ అతడు బాగుచేశాక అది మరింత చెడిపోయేదట. ఈ మాట చెబుతూ ఆమె నవ్వింది. నాతో పాటు వరండాలోకి వచ్చి నిలబడిన ఎన్.సి.సి. పిల్లలు ఇద్దరు ఆ మాటలన్నీ విన్నారు. ఆ రోజు కళాశాలలో అమరవీరుడి సంస్మరణ అంటూ నిజంగా జరిగింది ఏదైనా ఉంటే అది ఆ మెట్ల మీదే జరిగిందని నా అభిప్రాయం.

లోపలినుంచి పిలుపు వచ్చింది. ముఖ్య అతిథి సర్జికల్ స్ట్రైక్స్ గురించి ముప్పావుగంట మాట్లాడాడు. తరువాత ఆమెకు శాలువా కప్పి, జ్ఞాపిక ఇచ్చి, ఫొటోకు నిలబెట్టి, మైకు ఇవ్వకుండానే కిందికి పంపేశారు. బస్టాండు దగ్గర దిగబెట్టినప్పుడు ఆమె ఆ శాలువాను మడిచి, "ఇలాటివి ఇంటికాడ సేనా ఉన్నాయి. ఈ ఉక్కలో ఏటి సేసుకోను బాబూ?" అంది. శాలువాల గురించి ఇంతకంటే ఎక్కువ చెప్పనక్కరలేదు. ఉత్తరాంధ్రలో, వాన పడినా ఉక్క తగ్గని జులైలో, ఊలు శాలువా కప్పే ఆచారం ఎవరు కనిపెట్టారో గాని వారికి దాన్ని కప్పించుకునే అవసరం ఎప్పుడూ వచ్చి ఉండదు.

దీనికి పూర్తిగా భిన్నమైన పద్ధతి ఢిల్లీలో ప్రతి సాయంత్రం కనిపిస్తుంది. ఇండియా గేటు దగ్గర 2019 ఫిబ్రవరి 25న ప్రారంభమైన జాతీయ యుద్ధ స్మారకంలో, స్వాతంత్ర్యం వచ్చిననాటినుంచి ప్రాణాలు ఇచ్చిన సైనికుల పేర్లను త్యాగ చక్రం గోడలమీద ఒక్కొక్క గ్రానైటు పలక మీద ఒక్కొక్క పేరు చొప్పున చెక్కారు. అక్కడ హోదా ప్రకారం పెద్ద పలక, చిన్న పలక అంటూ లేవు. సాయంత్రం వేళ అమరుల కుటుంబాలలోనుంచి ఒకరిని పిలిచి వారి చేత పుష్పగుచ్ఛం పెట్టిస్తారు. అక్కడ ముఖ్య అతిథి ఆ కుటుంబ సభ్యుడే. సైన్యపు పద్ధతి కూడా చాలా క్లుప్తమైనది: "శోక్ శస్త్ర్" అన్న ఆజ్ఞతో తుపాకులు తలకిందులవుతాయి, బిగిలు మీద లాస్ట్ పోస్ట్ అనే వీడ్కోలు రాగం వినిపిస్తుంది, మౌనం పాటిస్తారు, మళ్లీ బిగిలు మోగుతుంది, అయిపోయింది. ఉపన్యాసం లేదు. అమరుడి పేరు వినిపించిన తరువాత మాట్లాడవలసినది పెద్దగా ఉండదని సైన్యానికి తెలుసు.

మౌనం విషయంలో మనకు ఇంకొక అలవాటు ఉండేది. జనవరి 30న స్వాతంత్ర్య పోరాటంలో ప్రాణాలిచ్చినవారి స్మృతిలో ఉదయం 11 గంటలకు దేశమంతా రెండు నిమిషాలు నిలబడి మౌనం పాటించాలని కేంద్ర ప్రభుత్వం ఏటా ఆదేశాలు పంపుతుంది, 10.59కి సైరను మోగించి, 11.02కి మళ్లీ మోగించాలని కూడా అందులో ఉంటుంది. మా చిన్నతనంలో మా ఊరి బడిలో సైరను లేకపోయినా ఇనుప పట్టా గంట కొట్టి మమ్మల్ని నిలబెట్టేవారు. ఇప్పుడు ఆ సమయానికి ఏదైనా ప్రభుత్వ కార్యాలయానికి వెళ్లి చూడండి, ఎంతమంది లేచి నిలబడతారో. రెండు నిమిషాలు ఊరికే నిలబడలేనివాళ్లం నాలుగు గంటల కార్యక్రమం మాత్రం పెట్టగలుగుతున్నాం.

ఇక మీ ప్రశ్నలోని పండుగ సంగతికి వస్తాను. జులై 26 విజయ దినమే, అందులో అనుమానం లేదు. కార్గిల్‌లో మన సైన్యం చేపట్టిన ఆపరేషన్ విజయ్ ముగిసిన రోజు అది, గెలిచినందుకు సంతోషించడం తప్పు కాదు. అయితే ఆ గెలుపుకు 527 మంది ప్రాణాలు ఇచ్చారు. ఈ రెండింటినీ ఒకే వేదిక మీద, ఒకే గంటలో కలిపేసి, ఒక పాటకు కన్నీళ్లు, మరుసటి పాటకు ఈలలు కోరడమే నాకు నచ్చనిది. ఉదయం అమరులకు ఇవ్వండి. సాయంత్రం మీ పిల్లలు ఏం ఆడినా, ఏం పాడినా నాకు అభ్యంతరం లేదు, ఎర్ర రంగు పొట్లాలు తప్ప.

పిల్లల చేత ఏదైనా చేయించి తీరాలంటే చదివించండి. హైదరాబాదుకు చెందిన మేజర్ పద్మపాణి ఆచార్య, 2 రాజపుతానా రైఫిల్స్ అధికారి, 1999 జూన్ 28న తోలోలింగ్ ప్రాంతంలో శత్రు స్థావరం మీద దాడిలో మరణించి, మహావీర చక్రానికి ఎంపికైనవాడు. అంతకు కొద్ది రోజుల ముందు ఆయన తండ్రికి ఉత్తరం రాశాడు. అప్పటికి ఆయన భార్య గర్భవతి. పుట్టబోయే బిడ్డకు మంచి సంస్కారం అబ్బేలా ఆమెకు రోజుకొక మహాభారత కథ చెప్పమని ఆ ఉత్తరంలో తండ్రిని కోరాడు. ఆ ఉత్తరాన్ని ఒక పదో తరగతి పిల్ల నిలబడి, నెమ్మదిగా, తప్పుల్లేకుండా చదివితే చాలు. దానికి వెనక సంగీతం పెట్టవద్దు.

ఇక్కడ ఇంకొక ఫిర్యాదు కూడా చెప్పకుండా ఉండలేను. మనకు యుద్ధంలో తూటా తగిలి పోయినవాడే అమరుడు. సూర్యాపేటకు చెందిన కర్నల్ సంతోష్ బాబు 2020 జూన్ 15న గల్వాన్‌లో మరణించినప్పుడు రాష్ట్రమంతా కదిలింది, విగ్రహం కూడా లేచింది. అది జరగవలసిన గౌరవమే. కానీ 1984 ఏప్రిల్‌లో మన సైన్యం ఆపరేషన్ మేఘదూత్ పేరుతో సియాచిన్‌లో అడుగుపెట్టిననాటినుంచి అక్కడ శత్రువు తూటాల కంటే చలి, మంచు చరియలు, పల్చని గాలి తీసుకున్న ప్రాణాలే ఎక్కువ. 2016 ఫిబ్రవరి 3న 19 వేల అడుగులకు పైనున్న సోనమ్ పోస్టు మీద మంచు విరిగిపడి 19 మద్రాస్ బెటాలియన్‌కు చెందిన పదిమంది దానికింద చిక్కుకున్నారు. ఆరు రోజుల తరువాత ప్రాణంతో బయటికి తీసిన లాన్స్ నాయక్ హనుమంతప్ప కూడా ఫిబ్రవరి 11న ఢిల్లీలో కన్నుమూశాడు. ఆ పదిమందిలో ఒకడు మన కర్నూలు జిల్లావాడు. ఆ తేదీ మనలో ఎందరికి గుర్తుంది? ఎవరి కొడుకు ఏ రోజున పోయాడో ఆ రోజే ఆ ఇంటికి అమరుల దినం. మెట్ల మీద మాట్లాడుతున్నప్పుడు ఆ తల్లి నాకు చెప్పిన సంగతి ఇది: కొడుకు పోయిన తిథినాడు ఏటా ఆబ్దికం పెట్టుకుంటుంది, ఆ రోజు బంధువులు తప్ప ఎవరూ రారు, జులై 26 అనేది తమకు ఏమవుతుందో ఆమెకు తెలియదు, పిలిచారు కనుక వచ్చింది.

అందుకే ఆనాటినుంచి నన్ను పిలిచేవారికి ఒక షరతు పెడుతున్నాను: ముందుగా మీరు ఆ ఇంటికి వెళ్లి రండి, వాళ్లు ఏది వద్దంటే అది మానండి, వాళ్లు మాట్లాడతామంటే అందరికంటే ముందు మైకు వారికివ్వండి. ఈ షరతు వినగానే చాలామంది మళ్లీ ఫోన్ చేయలేదు. ఒక పల్లెలో ప్రధానోపాధ్యాయుడు మాత్రం అమరుడితో కలిసి చదువుకున్న నలుగురిని పిలిపించి, ఒక్కొక్కరి చేత ఐదేసి నిమిషాలు మాట్లాడించాడు. ఒకడు జామచెట్టు ఎక్కి దొరికిపోయిన సంగతి చెప్పాడు, ఇంకొకడు లెక్కల కాపీ ఇవ్వనందుకు ఆ అమరుడు తనను కొట్టిన సంగతి చెప్పాడు. పిల్లలు విరగబడి నవ్వారు, అమరుడి తండ్రి కూడా నవ్వాడు. ఆ నవ్వులో అగౌరవం ఏమీ నాకు కనిపించలేదు. మీ సంఘంలో పండుగా, సంతాపమా అని వాదించుకుంటున్నవారికి ఈ సంగతి చెప్పండి.

డబ్బు విషయంలోనూ ఒక మాట. డిసెంబరు 7 సాయుధ దళాల పతాక దినం, 1949నుంచి జరుగుతోంది. ఆ రోజు వసూలయ్యేది మాజీ సైనికులకు, వితంతువులకు, వారి పిల్లలకు ఉపయోగపడుతుంది. బడిలో చిన్న జెండా స్టిక్కరు చేతిలో పెట్టి ఇంత తెమ్మనడమే గాని ఆ డబ్బు ఎక్కడికి వెళుతుందో చెప్పే ఉపాధ్యాయులు తక్కువ. మీ సభకు వేసే షామియానా, సౌండు బాక్సుల ఖర్చులో సగం ఆ నిధికి పంపితే ఎవరూ నష్టపోరు. అంతకంటే మంచి పని మీ అపార్టుమెంటు కుర్రవాళ్లు చేయగలరు. ఇప్పుడు సైనికుల పింఛన్లన్నీ స్పర్శ్ అనే ఆన్‌లైన్ వ్యవస్థలోకి మారాయి. ఏటా జీవన ప్రమాణ పత్రం ఇవ్వకపోతే పింఛను నిలిచిపోతుంది. వేలిముద్రలు అరిగిపోయిన ముసలి తల్లులు, ఓటీపీ వచ్చే ఫోన్ మనవడి దగ్గర ఉండి మనవడు హైదరాబాదులో ఉన్న తల్లులు, మీసేవ కేంద్రాల ముందు కూర్చుని ఉంటారు. ఒక ల్యాప్‌టాప్ తీసుకుని ఒక పూట వాళ్ల ఇంటికి వెళ్లడం ఏ కొవ్వొత్తుల ఊరేగింపు కంటే గొప్పదని నేను ఘంటాపథంగా చెప్పగలను.

మీ జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయానికి ఈ వారమే వెళ్లి, మీ చుట్టుపక్కల అమరుల కుటుంబాలు ఎవరెవరున్నారో, సభకు రావడానికి వారికి ఇష్టమేనా అని ఆ కార్యాలయం ద్వారానే అడిగించండి. జులై మూడో వారం వరకు ఆగితే అక్కడ పదిమంది నిర్వాహకులు వరుసలో ఉంటారు, అందరికీ ఆ ఒక్క తల్లే కావాలి. ఆమె వస్తానంటే కారు పంపండి, సభ ఉదయం ఎనిమిదికే పెట్టుకోండి, ముఖ్య అతిథి ఆలస్యమైతే ఆయన వచ్చేసరికి కార్యక్రమం అయిపోయి ఉండాలి.