మందార కొమ్మల మధ్య ఉన్నది ‘సంతకం’ సాలీడు

మందార కొమ్మల మధ్య పసుపు చారల సాలీడు గూడు కట్టిందనీ, ఇంట్లో చిన్న పాప ఉంది కాబట్టి చంపేయాలా అనీ అడిగారు. వద్దండి. గూడు నడుమ తెల్లటి మెలికల గీతలతో ఇంటూ గుర్తు, దాని మీద కాళ్లు రెండేసి జోడించుకుని తలకిందులుగా కూర్చోవడం... మీరు రాసిన ఈ ఆనవాళ్లు చాలు. అది ఆర్జియోపి సాలీడు. ఆ గీతల వల్లే ఇంగ్లీషులో సిగ్నేచర్ స్పైడర్ అంటారు. సంతకం ఎందుకు పెడుతుందన్నది శాస్త్రవేత్తలకే తేలలేదు: పురుగులను రప్పించడానికని కొందరు, పక్షులు గూడును గమనించి తప్పుకోవడానికని కొందరు అంటారు.

మీరు చూసినది ఆడది. మగది మరీ చిన్నది, వెతికితే గాని కనబడదు. జతకట్టాక పాపం, తరచూ ఆడదానికే ఆహారమవుతుంది!

విషం ఉంటుంది, కానీ అది ఈగలు, మిడతల కోసం. దగ్గరికి వెళ్తే గూడును గబగబా ఊపుతుంది, అంతే. చేత్తో నలిపితే తప్ప సాధారణంగా కరవదు. కరిచినా మహా అయితే తేనెటీగ కుట్టినట్టుంటుంది. సబ్బు నీళ్లతో కడిగి ఐసు పెట్టండి. వాపు పెరిగినా, ఊపిరి ఇబ్బందయినా వెంటనే డాక్టరు దగ్గరికి వెళ్లాలి.

పాప ఆడుకునే దారిలోనే గూడు ఉంటే, సాలీడును ఒక పుల్ల మీదికి ఎక్కించి పెరటి చివరి పొదలో వదిలేయండి.